షెడ్డు కబుర్లు: పగిలిన స్టీరింగుకు ఇంటి వైద్యం

ఈ నెల ఉత్తరాల్లో సగానికి సగం స్టీరింగు గురించే. ఎండలు ముదిరాయి కాబట్టి ఆశ్చర్యమేమీ లేదు. బ్రాడీపేట మాస్టారి ఉత్తరానికి వివరంగా రాస్తున్నాను, మిగతావారి సందేహాలు చాలావరకు అందులోనే తీరతాయి. తీరనివాటికి కింద క్లుప్తంగా జవాబులిచ్చాను.

ప్రశ్న: మా నాన్నగారి 1968 ఫియట్ 1100 ఇప్పటికీ నడుస్తోంది. ఇంజను, గేర్లు బాగానే ఉన్నాయి. స్టీరింగు మాత్రం చూడబుద్ధి కావడం లేదు. మీగడ రంగు చక్రం. చువ్వలు రింగును కలిసేచోట రెండు పక్కలా పగిలింది, పైభాగంలో కూడా పగుళ్లున్నాయి. ఒకదాంట్లో రూపాయి బిళ్ల అంచు దూరుతుంది, లోపల తుప్పు పట్టిన ఇనుము కనిపిస్తోంది. కిందటేడు మే నెలలో ఒక మెకానిక్ ఎం-సీల్ పెట్టి రంగు వేశాడు. సంక్రాంతి వచ్చేసరికి అదేచోట మళ్లీ గీత పడింది. కొత్త చక్రం దొరకడం లేదు, పాతది కొందామంటే చూసినవన్నీ పగిలినవే. ఇంట్లో నేనే చేసుకోవచ్చా? చేస్తే నిలుస్తుందా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చేసుకోవచ్చు మాస్టారూ, నిలుస్తుంది కూడా. మీ మెకానిక్ వాడిన సరుకులో తప్పులేదు. పెట్టిన తీరులో ఉంది, పెట్టిన నెలలో ఉంది. పగులు పూడ్చాలంటే ముందు దాన్ని పెద్దది చెయ్యాలి. చాలామందికి ఇందుకు చెయ్యాడదు. ఉన్న గీత మీదే కాస్త మెత్తి, అరగదీసి, రంగు కొట్టేస్తారు. అది పై పూతే అవుతుంది గానీ మరమ్మతు కాదు.

అసలు ఎందుకు పగిలిందో చూడండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ స్టీరింగు పగలడానికి మన బెజవాడ, గుంటూరు ఎండలు ధారాళంగా సరిపోతాయి. ఆ కాలపు చక్రంలో లోపల ఇనప చట్రం, దానిమీద పోత పోసిన తొడుగు ఉంటాయి. ఆ తొడుగు కొన్ని బండ్లలో ఎబొనైట్ అనే గట్టి రబ్బరు, కొన్నిటిలో సెల్యులోజ్ అసిటేట్ జాతి ప్లాస్టిక్. వేడికి లోపలి ఇనుమూ పైన తొడుగూ రెండూ పెరుగుతాయి, కానీ ఒకేలా పెరగవు. చక్రం అడ్డంగా 40 సెంటీమీటర్లు ఉందనుకుంటే చుట్టుకొలత 125 సెంటీమీటర్ల పైమాటే. జనవరి తెల్లవారుజామున 20 డిగ్రీల్లో ఉన్న చక్రం, మే నెల మిట్టమధ్యాహ్నం అద్దాలు మూసిన బండిలో 65 డిగ్రీలకు చేరిందనుకోండి. లోపలి ఇనుము ఆ పొడవు మీద ముప్పావు మిల్లీమీటరు కూడా సాగదు. అసిటేట్ తొడుగు అయిదు మిల్లీమీటర్ల దాకా సాగాలని చూస్తుంది. సాయంత్రానికి మళ్లీ ముడుచుకుంటుంది. అంత కాకపోయినా ఈ సాగడం, ముడుచుకోవడం ప్రతి రోజూ జరిగేదే.

దీనికితోడు ఇంకో జబ్బుంది. అసిటేట్ పెళుసుబారకుండా పోతలో కలిపిన మెత్తబరిచే పదార్థం ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది. తొడుగు శాశ్వతంగా కుంచించుకుపోతుంది. లోపలి ఇనుము కుంచించుకోదు కదా, కాబట్టి తొడుగు చిరగక తప్పదు. ముందు ఎక్కడ చిరుగుతుందంటే చువ్వ రింగును పట్టుకున్నచోట, ఎందుకంటే అక్కడ తొడుగు జరగడానికి వీల్లేదు. ఆ తర్వాత ముందద్దంలోంచి ఎండ నేరుగా కొట్టే పైభాగంలో. మీ ఉత్తరంలో చెప్పిన చోట్లు సరిగ్గా ఇవే.

ఇప్పుడు మీ మెకానిక్ మే నెల సంగతి. ఎండాకాలంలో తొడుగు సాగి ఉంటుంది, పగులు సన్నగా కనిపిస్తుంది. అప్పుడు పూడిస్తే చలికాలంలో తొడుగు ముడుచుకుని పూడ్చినదాన్ని రెండువైపుల నుంచీ లాగుతుంది. ఎం-సీల్ ఎపాక్సీ జాతిది. ఎపాక్సీకి నొక్కుడు తట్టుకునే బలం ఎక్కువ, లాగుడు తట్టుకునే బలం తక్కువ. మీకు సంక్రాంతికి గీత కనిపించింది అందుకే. అదే డిసెంబరు, జనవరి పొద్దుటి పూట, పగులు నోరు బాగా తెరిచి ఉన్నప్పుడు పూడిస్తే, తర్వాత వచ్చే ఎండ దాన్ని నొక్కుతుందే తప్ప లాగదు. కాబట్టి చక్రం విప్పడం, కోయడం, తుడవడం ఎప్పుడైనా చేసుకోండి. పూడ్చడం మాత్రం చలికి వాయిదా వెయ్యండి. అప్పుడు గాలిలో చెమ్మ కూడా తక్కువ, రంగుకూ మంచిది. అన్నాళ్లు ఆగలేనంటే బండిని నీడలో పెట్టి, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు పూడ్చండి. పూర్తి ఫలం రాకపోయినా మే నెల మధ్యాహ్నం కంటే నయం.

విప్పడానికి ముందు బ్యాటరీ తీగ తీసెయ్యండి, హారన్ తీగ చక్రం మధ్యలోంచే వస్తుంది. బండి ముందరి టైర్లు నేరుగా ఉండేలా పెట్టండి. హారన్ బటన్ తీస్తే మధ్యలో పెద్ద నట్టు కనిపిస్తుంది. ఆ నట్టు ఎక్కిన కడ్డీ (షాఫ్టు) చివర, చక్రం నడిమి భాగం (హబ్బు) మీద ఒకే వరసలో పంచ్‌తో చిన్న చుక్కలు కొట్టుకోండి. తిరిగి బిగించేటప్పుడు ఆ చుక్కలు కలవాలి, లేకపోతే బండి నేరుగా పోతున్నా చక్రం వంకరగా ఉంటుంది. నట్టు వదులు చెయ్యండి గానీ పూర్తిగా తియ్యకండి, చివరి మరల మీద ఉండనివ్వండి. నట్టు పూర్తిగా తీసేసి బలంగా లాగితే చక్రం ఒక్కసారిగా ఊడొచ్చి మూతికి తగులుతుంది. రాకపోతే తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలెయ్యండి. అప్పటికీ రాకపోతే చక్రాన్ని లాగే పుల్లర్ అనే పనిముట్టు అద్దెకు తెచ్చుకోండి. దాని కాళ్లు హబ్బు వెనక పట్టాలి, రింగుకో చువ్వకో వేస్తే చట్రం వంగుతుంది. సుత్తితో షాఫ్టు చివర కొట్టొద్దు. మరలు నొక్కుకుపోతాయి, ఆ దెబ్బ నేరుగా కింద స్టీరింగు బాక్సుకు దిగుతుంది.

చక్రం బల్ల మీదికొచ్చాక అందం ఆలోచించకండి, ముందు ఇనుము చూడండి. రింగును రెండుచేతులా పట్టుకుని నెమ్మదిగా మెలితిప్పండి. కిర్రుమంటే ఎక్కడో అతుకు వదిలిందన్నమాట. చువ్వ హబ్బును కలిసేచోట, రింగును కలిసేచోట టార్చి వేసి చూడండి. హబ్బు లోపలి పళ్లు అరిగాయేమో చూడండి. పైపైన ఎర్రటి పొడి తుప్పు అయితే పరవాలేదు. పొరలు పొరలుగా ఊడి, కడ్డీ సన్నబడినట్టు కనిపిస్తే, అతుకు పగిలితే, పళ్లు అరిగితే ఆ చక్రాన్ని గోడకు తగిలించుకోండి, బండికి వద్దు. వెల్డింగు పెట్టి ఇచ్చేస్తామనేవాళ్లు బెజవాడ జవహర్ ఆటోనగర్‌లో అడుగడుక్కీ ఉన్నారు. మంచి పనివాళ్లే, వాళ్లను తక్కువ చెయ్యడం లేదు. అయినా స్టీరింగు చట్రానికి వెల్డింగు నేను ఒప్పుకోను. ఇంజను ఆగిపోతే బండి పక్కకు తీసుకోవచ్చు. స్టీరింగు మలుపులో చేతిలోకి ఊడొస్తే ఏం చేస్తాం?

చట్రం బాగుందని తేలితే తొడుగు ఏ జాతిదో చూసుకోవాలి. గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌లో చెవిపుల్ల ముంచి హబ్బు వెనక, కనపడని చోట ఒక చుక్క రాయండి. జిగురుగా అంటుకుంటే అది అసిటేట్ జాతి. దాన్ని అసిటోన్‌తో గానీ తిన్నర్‌తో గానీ ఎప్పుడూ తుడవకూడదు, పైపొర కరిగిపోతుంది. పాతబడ్డ అసిటేట్ దగ్గర ఒక్కోసారి వెనిగర్ వాసన కూడా వస్తుంది. ఏమీ కాకుండా గట్టిగా ఉండి, ఎమిరీతో రుద్దితే గంధకం కంపు కొడితే ఎబొనైట్. మీది మీగడ రంగు కాబట్టి ప్లాస్టిక్కే అయివుండాలి, అయినా పరీక్ష చెయ్యండి. ఏదైనా సరే, శుభ్రం చెయ్యడానికి గిన్నెలు తోమే సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్ చాలు. ఇన్నేళ్ల చేతి జిడ్డు, తలనూనె చక్రం వెనక వేళ్లు పట్టే గాడుల్లో పేరుకుని ఉంటుంది. నీళ్లు నల్లగా రావడం మానేదాకా తోమండి. ఈ జిడ్డు ఉంటే మీద ఏదీ అంటదు.

ఇక కోత. పాత ఎం-సీల్ మొత్తం తీసెయ్యాలి, గట్టిగా ఉన్న ముక్కను కూడా ఉంచకూడదు. పగులు పొడుగునా ముందు హాక్సా బ్లేడుతో దారి చేసి, తర్వాత త్రికోణపు ఆకురాయితో వెడల్పు చెయ్యండి. ఫిట్టింగ్ సెక్షన్‌లో పిల్లలకు ఆకురాయి పట్టడం నేర్పి రిటైరైనవాణ్ణి, ఈ ఒక్కచోట చాదస్తం భరించండి. ఆకురాయి ముందుకు నెట్టేటప్పుడే కోస్తుంది. వెనక్కి తెచ్చేటప్పుడు కాస్త ఎత్తాలి. వెనక్కి కూడా రుద్దితే పళ్లు మొండివవుతాయి, అంచులు చిట్లుతాయి. చక్రాన్ని వైసులో నేరుగా బిగించకండి, రెండు చెక్కముక్కల మధ్య గోనెగుడ్డ వేసి బిగించండి. గాడి పైన 5, 6 మిల్లీమీటర్లు, అడుగున 2, 3 మిల్లీమీటర్లు ఉండి, అడుగున ఇనుము చుట్టూ కనిపించాలి. రింగు ముందువైపే కోసి ఆపేస్తే కుదరదు, పగులు చుట్టూ తిరిగి ఉంటుంది, మీరూ చుట్టూ తిరగాలి. అడుగున ఇనుము పక్కగా తొడుగు కిందికి కొంచెం తొలిస్తే మరీ మంచిది, పూడ్చింది అక్కడ కొక్కెంలా పట్టుకుంటుంది.

గాడికి రెండువైపులా గోటితో తట్టి చూడండి. డొల్లగా పలికితే అక్కడ తొడుగు ఇనుమును వదిలేసింది. ఆ డొల్ల ముగిసేదాకా కొయ్యాలి. చెయ్యి వణుకుతుంది, తెలుసు. అన్నాళ్ల బండిని చేజేతులా నరుకుతున్నట్టే ఉంటుంది. కానీ అక్కడ జాలి చూపిస్తే వచ్చే ఏడు మళ్లీ ఈ పేజీకే ఉత్తరం రాస్తారు.

బయటపడ్డ ఇనుమును చిన్న తీగ బ్రష్‌తో, ఎమిరీ పట్టీతో మెరిసేదాకా రుద్దండి. గుంటల్లో మిగిలిన తుప్పుకు రంగుల దుకాణంలో దొరికే ఫాస్ఫారిక్ ఆమ్లపు తుప్పు మందు చెవిపుల్లతో అద్ది, డబ్బా మీద రాసినంతసేపు ఉంచి, తడిగుడ్డతో తుడిచి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో పూర్తిగా ఆరబెట్టండి. చేతికి తొడుగులు వేసుకోండి. తుడిచిన రోజే పూడ్చెయ్యాలి. కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లం, మెరిసే ఇనుము రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది.

పూడ్చడానికి నా పద్ధతి రెండు పొరలు. మొదట నెమ్మదిగా గట్టిపడే ఆరల్డైట్. రెండు ట్యూబుల నుంచీ సమంగా తీసి బాగా కలిపి, అగ్గిపుల్లతో గాడి లోపల ఇనుము మీద, రెండు గోడల మీద పల్చగా పులమండి. అయిదు నిమిషాల రకం వద్దు, అది వేడికి తొందరగా మెత్తబడుతుంది. పులిమింది ఇంకా జిగటగా ఉండగానే ఎం-సీల్. రెండు ముద్దలూ సమంగా తీసుకుని, చారలు ఒక్కటి కూడా కనపడకుండా రంగు ఏకమయ్యేదాకా పిసకాలి. సగం పిసికిన ముద్ద సగమే గట్టిపడుతుంది. చిన్నచిన్న ఉండలు చేసి అడుగు నుంచి బొటనవేలితో కూరుకుంటూ రండి. ఒకే పెద్ద ముద్ద అదిమితే కింద గాలి నిలుస్తుంది. పైకి ఒక మిల్లీమీటరు ఎత్తు ఉండనిచ్చి, తడివేలితో సాపు చెయ్యండి. డబ్బా మీద ఎన్ని గంటలని రాసినా సరే, ఒక పూర్తి రోజు ముట్టుకోకండి.

బాడీ పనికి వాడే పాలిస్టర్ పుట్టీ, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ ఇక్కడ పనికిరావు. మొదటిది ఇలాంటి నున్నటి తొడుగుకు సరిగా అంటదు, చెమ్మ పీలుస్తుంది. రెండోది మందంగా పెడితే ఆరేకొద్దీ కుంగుతుంది. ఫెవిక్విక్ ఊసే వద్దు.

మర్నాడు ముట్టుకుంటే పైన మైనంలా జిడ్డు తగలొచ్చు. చెమ్మ ఉన్న రోజుల్లో ఎపాక్సీ మీద అలాంటి పొర వస్తుంది. ఎమిరీ పట్టేముందు సబ్బునీళ్లతో దాన్ని కడిగెయ్యాలి, లేకపోతే రుద్దుతూ రుద్దుతూ దాన్ని లోపలికే ఎక్కిస్తారు, రంగు తర్వాత పొక్కుతుంది. ఆ తర్వాత 80 నంబరు ఎమిరీ గుడ్డను వేలెడు వెడల్పు పట్టీగా చింపి, రింగు చుట్టూ వేసి రెండు కొనలూ పట్టి లాగండి. అప్పుడే రింగు గుండ్రదనం నిలుస్తుంది. బల్లపరుపు చెక్కకు చుట్టి రుద్దితే పలకలు పడతాయి. పాత తొడుగు ఎత్తుకు చేరువ కాగానే 120, ఆపైన 220. ఇక్కడ కళ్లను నమ్మొద్దు. కళ్లు మూసుకుని రింగును చేతిలో నెమ్మదిగా తిప్పండి. అతుకు ఎక్కడుందో చెయ్యి చెప్పలేకపోతే పని అయినట్టు.

చక్రం వెనక వేళ్లకు చేసిన గాడులు పగులుతో పాటు పోయి ఉంటే వాటిని ఊహించి చెక్కకండి. పగలని చోట పల్చటి పాలిథిన్ చుట్టి, దానిమీద ఎం-సీల్ ముద్ద అదిమి గట్టిపడనిస్తే అచ్చు వస్తుంది. ఆ అచ్చును పగిలిన చోట ఆనించి ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం చూసుకుంటూ అరగదియ్యండి.

ప్రైమర్ రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ రకం తీసుకోండి. మొదటి విడత పొగమంచు పడ్డంత పల్చగా ఉండాలి, తడిగా ముంచితే అందులోని తిన్నర్ పాత అసిటేట్‌ను చిట్లిస్తుంది. ప్రైమర్ పడగానే మీకు నీరసం వస్తుంది, అప్పటిదాకా కనపడని సూది బెజ్జాలన్నీ ఒక్కసారి బయటపడతాయి. అది అందరికీ జరిగేదే. ఆరల్డైట్‌లో ఫ్రెంచ్ చాక్ (టాల్క్) పొడి కలిపి బెజ్జాల్లో రుద్ది, ఆరాక 400 వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది, మళ్లీ ప్రైమర్. అవసరమైతే ఇంకోసారి.

రంగు కలిపించడానికి చక్రం పైభాగం చూపించకండి, అది ఎండకు మారిపోయిన రంగు. హారన్ బటన్ కింద ఎండ సోకని చోట అసలు రంగు ఉంటుంది. చక్రాన్నే దుకాణానికి పట్టుకెళ్లండి. దానిమీద పీయూ (పాలీయురేథేన్) రంగు కొట్టించండి. కొట్టాక కనీసం వారం చక్రం ముట్టుకోవద్దు. తర్వాత కూడా నెలా రెండు నెలలు చేతికి శానిటైజర్ రాసుకుని స్టీరింగు పట్టొద్దు, కొత్త రంగు దానికి మెత్తబడుతుంది.

బిగించేటప్పుడు చుక్కలు కలపండి, నట్టు వదులవకుండా పట్టే తాళం వాషరు కొత్తది వెయ్యండి, నట్టు బండి మాన్యువల్‌లో చెప్పినంత బిగించండి. హారన్ పలుకుతోందా, మలుపు తిరిగాక ఇండికేటర్ దానంతటది ఆగుతోందా చూసుకుని వీధి చివరిదాకా నెమ్మదిగా నడిపి, నట్టు మళ్లీ ఒకసారి సరిచూడండి. తర్వాత ఎండలో ఆపినప్పుడు చక్రం మీద తెల్లటి తువ్వాలు కప్పండి. ఎపాక్సీ ఏదైనా మరీ వేడికి కొంత మెత్తబడేదే.

ఒక హెచ్చరిక. ఇదంతా ఎయిర్‌బ్యాగ్ లేని పాత బండ్ల సంగతి. ఇప్పటి కార్ల స్టీరింగు మీద ఇంట్లో చెయ్యి పెట్టకూడదు.

ప్రశ్న: మా నాన్నగారికి 70 దాటాయి. పాత అంబాసిడర్ స్టీరింగు మా అపార్టుమెంటు టెర్రస్ మీద బాగుచేస్తున్నారు. ఇప్పుడు కంప్రెసర్, గన్ను తెచ్చి రంగు కూడా తనే కొడతానంటున్నారు. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే చాలంటారు. ఆయనకు ఆయాసం ఉంది. మీ మాటైతే వింటారు.
— పటమట, విజయవాడ

జవాబు: వినేట్టు గట్టిగానే చెబుతానమ్మా. ఇది నాన్నగారికి చదివి వినిపించు: సోదరా, ఎమిరీ పని మీది, గన్ను పని మీది కాదు. పీయూ రంగులో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఆ తుంపర పీలిస్తే ఆయాసం లేనివాళ్లకే రావచ్చు, ఉన్నవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. తువ్వాలు, సర్జికల్ మాస్కు, ఎన్95 ఇవేవీ ఆ ఆవిరిని ఆపవు. టెర్రస్ మీద గాలి పక్కవాళ్ల బట్టల మీదికి, పిల్లల మీదికి తీసుకెళ్తుంది కూడా. ఎమిరీ పట్టడం, పూడ్చడం, 400 పేపర్‌తో రుద్దడం అంతా మీరే చేసి, చక్రాన్ని సంచిలో వేసుకుని ఆటోనగర్‌లో రంగు కొట్టడానికి మూసిన గది (బూత్) ఉన్న షెడ్డుకు ఇవ్వండి. స్టీరింగు ఒక్కటే అంటే వాళ్లు విసుక్కుంటారు. ఏదైనా కారుకు మీకు కావలసిన రంగు కొడుతున్న రోజు చెప్పమనండి, దాంతోపాటే కానిచ్చేస్తారు. అంబాసిడర్‌ది నలుపే అయితే మరీ సులువు.

ఎన్95 ఎమిరీ దుమ్ముకు పనికొస్తుంది, అది మాత్రం నాన్నగారికి తప్పకుండా పెట్టించమ్మా. పొడిగా రుద్దేకంటే తడిపి రుద్దితే దుమ్మే లేవదు.

ప్రశ్న: మా ఇంట్లో కొండపల్లి బొమ్మల పని తెలుసు. బొమ్మల చేతులు, కాళ్లు అతకడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తాం. రాయిలా గట్టిపడుతుంది. స్టీరింగు పగులుకు అది పనికిరాదా?
— ఇబ్రహీంపట్నం

జవాబు: ఇన్నేళ్లలో ఇంత మంచి ప్రశ్న రాలేదు. పనికిరాదు, ఎందుకో చెబుతాను. బొమ్మలకు వాడే తెల్లపొణికి చెక్క తేలిక, అది చెమ్మతో పాటు ఉబ్బుతుంది, తగ్గుతుంది. మక్కు కూడా దాంతోపాటే కదులుతుంది కాబట్టి బొమ్మకు అతికినట్టు సరిపోతుంది. ఇనుముకు మక్కు అంటుకోదు. మక్కులోని నీరు ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. ఆరేటప్పుడు మక్కు కుంగుతుంది, వానాకాలంలో చేతి చెమటకు మెత్తబడుతుంది.

మీ సరుకు పనికిరాదు గానీ మీ చెయ్యి పనికొస్తుంది. తడివేలితో మక్కును సాగదీసి అతుకు కనపడకుండా కలిపేస్తారు చూడండి, ఎం-సీల్‌ను సరిగ్గా అలాగే కలపాలి. ఆ నేర్పు లేనివాళ్లు ముద్ద ఎత్తుగా పెట్టేసి రెండు రోజులు ఎమిరీ పడతారు. మీ ఊళ్లో పాత కార్లవాళ్లు ఎవరైనా ఉంటే ఈ పని మీరు పట్టుకోవచ్చు.

ప్రశ్న: నా బండి స్టీరింగుకు జుట్టు మందం గీతలు మాత్రమే ఉన్నాయి. వాటికీ కోత అవసరమా? పైన రెక్సిన్ తొడుగు కుట్టించేస్తే సరిపోదా?
— అరండల్‌పేట, గుంటూరు

జవాబు: గోరు గీత మీద అడ్డంగా నడపండి. గోరు ఎక్కడా ఆగకపోతే వదిలెయ్యండి, పాలిష్ చేసి వాడుకోండి, పాత బండికి ఆమాత్రం వయసు కనిపిస్తే తప్పులేదు. గోరు ఆగితే త్రికోణపు ఆకురాయి మూలతో గీత పొడుగునా గాడి తీసి ఆరల్డైట్ నింపండి. ఇనుము దాకా వెళ్లిన గీతైతే పై జవాబే.

రెక్సిన్ గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను, నాకిష్టం లేదు. లోపల చెమట నిలిచి గీతలోకి దిగుతుంది, తుప్పు మీకు కనపడకుండా పెరుగుతుంది. వదులైన తొడుగు మలుపులో చేతిలో జారుతుంది కూడా. కుట్టించి తీరాలంటే పగుళ్లు పూడ్చాక, బిగువుగా, తోలుతో కుట్టించండి.

ప్రశ్న: నా బండికి 50 ఏళ్లు దాటాయి. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిద్దామనుకుంటున్నాను. స్టీరింగుకు ఇలా పూడ్చి రంగు వేస్తే అసలుతనం పోయిందని అభ్యంతరం చెబుతారా? పాత నంబరు పోతుందా?
— లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండి వింటేజ్ కిందికి వస్తుంది. పెద్ద మార్పులు ఉండకూడదన్నది ఛాసిస్, బాడీ, ఇంజను విషయంలో. ఉన్న చక్రాన్నే బాగుచేసుకోవడం అందులోకి రాదు. నిజానికి చిన్న స్పోర్టు స్టీరింగు ఒకటి కొని తగిలించడం కంటే పాతదాన్ని నిలబెట్టుకోవడమే మీ బండి విలువ కాపాడుతుంది. ఇప్పటికే రిజిస్టరైన బండికి పాత నంబరు ఉంచుకోవచ్చు, కొత్తగా చేయించేవాటికి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. నిబంధనల్లో పెట్టిన రుసుము కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత పునరుద్ధరణకు 5,000. ఒక్కటి గుర్తుంచుకోండి, వింటేజ్‌గా చేయించాక రోజూ ఆఫీసుకు, బజారుకు తిప్పడానికి ఒప్పుకోరు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు, పెట్రోలు పోయించుకోవడం లాంటివాటికే. రోజూ నడిపే ఉద్దేశం ఉంటే రెండుసార్లు ఆలోచించండి.

ప్రశ్న: మా పాత ట్రాక్టరు స్టీరింగు మీద ప్లాస్టిక్ సగం ఊడిపోయి ఇనప కడ్డీ తేలింది. ఎండకు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. మీరు చెప్పినట్టు పూడ్చుకోవచ్చా?
— రైతు, మంగళగిరి

జవాబు: వద్దన్నా. చాలా ట్రాక్టర్లకు పైకప్పు ఉండదు, ఎండా వానా నేరుగా పడతాయి, అదురు ఎక్కువ. ఇంత కష్టపడి చేసింది ఒక సాగుకాలం కూడా నిలుస్తుందని నేను హామీ ఇవ్వలేను. ట్రాక్టరు స్టీరింగులు ఆటోనగర్‌లో కొత్తవే దొరుకుతాయి. పాతది విప్పి చేత్తో పట్టుకెళ్లండి, హబ్బు పళ్లు దుకాణంలోనే కొత్తదాంతో సరిచూసుకుని తెచ్చుకోండి. కొత్తది తెచ్చేదాకా ఆ కడ్డీకి పాత సైకిలు ట్యూబు బిగువుగా చుట్టండి.